బెంచి మీది కుర్రాడు డీలోకి దిగితే

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. సంక్రాంతికి మా గ్రౌండ్‌లో చుట్టుపక్కల ఊళ్ల జట్లతో ఫుట్‌బాల్ పోటీలు పెట్టి, రిఫరీగా నన్నే నిలబెట్టారు. సెమీఫైనల్లో 2–1తో వెనకబడిన జట్టు ఫార్వర్డ్ ఒకడు గోల్‌కీపర్ని కూడా దాటేసి, డీ (గోల్ ముందు గీసిన పెనాల్టీ పెట్టె) లోపల నుంచి ఖాళీ గోల్ వైపు వెళ్తున్నాడు. పోస్టు పక్కన వార్మప్ చేస్తున్న ఎదుటి జట్టు సబ్ (ఒకరి బదులు దిగడానికి బెంచి మీద ఉండే ఆటగాడు) గీత దాటి లోపలికొచ్చి బంతిని బయటికి తన్నేశాడు. నేను ఎల్లో కార్డ్ చూపించి, డ్రాప్ బాల్‌తో, అంటే బంతిని నేనే కింద పడేసి, ఆట మొదలుపెట్టించాను. రెడ్ ఇవ్వాలని ఒకరు, పెనాల్టీ ఇవ్వాలని ఒకరు, ఆ జట్టుని పదిమందితో ఆడించాలని ఇంకొకరు గోల పెట్టారు. ఫైనల్లో ఇంకో తంటా. నాకు చెప్పకుండా ఒక జట్టు సబ్‌ని దింపేసింది, బయటికి రావాల్సినవాడు రాలేదు. ఆ పన్నెండోవాడు వేసిన త్రో నుంచే గోల్ పడింది. సెంటర్ నుంచి ఆట మళ్లీ మొదలయ్యాక గానీ నేను లెక్క చూసుకోలేదు. గోల్ ఉంచేశాను. మ్యాచ్ మళ్లీ ఆడించమని ఇప్పటికీ అడుగుతున్నారు. నేను చేసినదాంట్లో ఏది తప్పు, ఏది ఒప్పు?

సమాధానం: మాస్టారూ, ఫైనల్లో గోల్ ఉంచడం ఒప్పే. సెమీఫైనల్లో మాత్రం కార్డూ తప్పే, ఆట మొదలుపెట్టించిన తీరూ తప్పే. అక్కడ పడాల్సింది రెడ్ కార్డ్, దాంతోపాటు పెనాల్టీ. పదిమందితో ఆడించమన్నవాళ్ల మాట మాత్రం వినక్కర్లేదు. గట్టు మీద నిలబడి అరిచినవాళ్లలో ఇద్దరిది సగం సగం నిజం, మూడోవాడిది పూర్తిగా తప్పు.

ఇలాంటి సందర్భంలో ముందుగా తేల్చుకోవాల్సింది లోపలికొచ్చినవాడు ఎవరన్నది. మ్యాచ్‌కి ముందు మీ చేతికిచ్చిన లిస్టులో వాడి పేరు ఉందా, ఉంటే ఆడే పదకొండుమందిలోనా, సబ్‌గానా, కోచ్ వగైరాగానా? లిస్టులో ఎక్కడా లేకపోతే వాడు బయటి మనిషి. కాలువ గట్టు మీద నుంచి గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చిన పిల్లాడికీ, కుక్కకీ ఏ నియమమో వాడికీ అదే: ఆట ఆపాల్సి వస్తే డ్రాప్ బాల్. అదే లిస్టులో సబ్‌గా ఉన్నవాడో, కోచో లోపలికొచ్చి ఆటకి అడ్డుపడితే వాడు ఆ జట్టు మనిషే. ఆ జట్టు తప్పు చేసినట్టే లెక్క. కాబట్టి ఎదుటి జట్టుకి డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టగలిగేది), అడ్డుపడింది సొంత డీలో అయితే పెనాల్టీ. మీరు సబ్‌ని బయటి మనిషిలా చూశారు. డ్రాప్ బాల్ అందుకే వచ్చింది.

ఇందులో తప్పు మీ ఒక్కరిదే కాదులెండి. 2016కి ముందు నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ‘సబ్ అడ్డుపడితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్’ అంటూనే ఉంటారు. ఇన్‌డైరెక్ట్ అంటే బంతి ఇంకొకరికి తగిలాకే గోల్ లెక్క. అప్పట్లో అది నిజం. ఫుట్‌బాల్ నియమాలు రాసే సంస్థ ఐఎఫ్‌ఏబీ 2016–17 సీజన్‌కి నియమాలు తిరగరాసినప్పుడు దాన్ని డైరెక్ట్ ఫ్రీ కిక్‌గా మార్చింది. బెంచి మీదివాడు పోయి గోల్ ఆపేస్తే ఇన్‌డైరెక్ట్ ఇచ్చి ఊరుకోవడం అన్యాయమే కదా. మీ ఊళ్లో పాత రిఫరీలెవరైనా వాదిస్తే ఆ ఏడు సంగతి చెప్పండి.

పెనాల్టీ అంటే ఎంత ఖచ్చితంగా పెనాల్టీయో చూడాలంటే 2019 అక్టోబర్‌లో జర్మనీ రెండో డివిజన్‌లో హోల్‌స్టెయిన్ కీల్, బోకుమ్ జట్ల మ్యాచ్ చూడండి. బోకుమ్ కొట్టిన షాట్ గోల్‌కి పక్కగా బయటికి పోతోంది. గోల్ వెనక వార్మప్ చేస్తున్న కీల్ సబ్, ఎలాగూ బయటికే పోతోంది కదా అని, బంతి గీత పూర్తిగా దాటకముందే కాలితో ఆపాడు. దురుద్దేశం ఏమీ లేదు. వీడియో చూసి రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, కుర్రాడికి ఎల్లో చూపించాడు. బంతి గోల్‌లోకి పోవడం లేదు కాబట్టి ఎల్లోతో సరిపోయింది. మీ సెమీఫైనల్లో వాడు ఆపింది గోల్ అయ్యే బంతిని. తేడా అంతా అక్కడే ఉంది.

కార్డు సంగతికి వద్దాం. రిఫరీ అనుమతి లేకుండా లోపలికి రావడమే ఎల్లో. లోపలికొచ్చి ఆటకో, ఎదుటివాడికో అడ్డుపడి గోల్‌నో, గోల్ కొట్టే స్పష్టమైన అవకాశాన్నో పోగొడితే రెడ్. స్పష్టమైన అవకాశమా కాదా అన్నది మీరు మామూలుగా చూసుకునే నాలుగు లెక్కలతోనే తేలుతుంది: గోల్ ఎంత దూరంలో ఉంది, ఆట గోల్ వైపే సాగుతోందా, బంతి వాడి అదుపులో ఉందా లేక అందుకునేలా ఉందా, అడ్డుపడగల డిఫెండర్లు ఎందరు, ఎక్కడ. కీపర్ని దాటేశాక ఖాళీ గోల్ అంటున్నారు కాబట్టి ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు. ‘డీలో పెనాల్టీ ఇచ్చాక బంతి కోసం ప్రయత్నించినవాడికి రెడ్ బదులు ఎల్లో చాలు కదా’ అని ఎవరైనా మెలిక పెట్టొచ్చు. ఆ సడలింపు ఆటలో ఉన్నవాడు బంతి కోసం పోయి ఫౌల్ చేసినప్పుడు. అనుమతి లేకుండా లోపలికొచ్చినవాడికి అది దక్కదు.

ఒకవేళ వాడి కాలికి తగిలి కూడా బంతి గోల్‌లోకి దూరి ఉంటే? గోల్ ఇచ్చెయ్యాలి. వాడు పోగొట్టింది ఏమీ లేదు కాబట్టి ఎల్లోతో సరి. అందుకే ఇలాంటి చోట విజిల్‌కి తొందరపడకూడదు. ఒక్క క్షణం ఆగి బంతి ఎటు పోతుందో చూసి ఊదండి. ముందే ఊదేస్తే, ఆ తర్వాత బంతి లోపలికి పోయినా గోల్ ఇవ్వలేరు. గట్టు మీదివాళ్లు అప్పుడు పెట్టే గోల ఇప్పటి గోలకి నాలుగింతలు ఉంటుంది.

కొన్నిసార్లు ఒకే రాకలో రెండు తప్పులుంటాయి. సబ్ లోపలికొచ్చాడు, అది ఒక ఎల్లో. వచ్చినవాడు ఎదుటివాడి కాళ్ల మీదికి అడ్డగోలుగా జారాడు, లేదా ఊపందుకున్న దాడిని ఫౌల్ చేసి ఆపాడు, అది రెండో ఎల్లో. రెండూ వరసగా చూపించి రెడ్ చూపించాలి. ఒకే సంఘటన కదా, ఒక కార్డు చాలదా అనిపిస్తుంది. చాలదు, నియమావళి ఈ ఉదాహరణనే ఎత్తి చెప్పింది. వచ్చి ఎవడినైనా కొడితే లెక్కలేమీ లేవు, నేరుగా రెడ్.

ఇప్పుడు పదిమంది వాదన. సబ్‌కి రెడ్ పడితే ఆడుతున్నవాళ్లు తగ్గరు. వాడు ఆటలో లేడు కదా. జట్టు పదకొండుమందితోనే ఆడుతుంది, మిగిలిన సబ్‌లలో వాడు ఉండడు, వాడి బదులు కొత్త పేరు రాయకూడదు. ఐదుగురు సబ్‌లను రాసుకున్న జట్టుకి నలుగురు మిగులుతారు. అంతే. జనానికి ఇది మింగుడు పడదు. రెడ్ అంటే ఒకడు తగ్గాలి అని వాళ్ల లెక్క. కోచ్‌నీ కెప్టెన్‌నీ పిలిచి ఈ ఒక్క ముక్క అక్కడికక్కడే చెప్పేస్తే సగం రగడ తగ్గుతుంది. ఎల్లో పడ్డ సబ్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. ఆ ఎల్లో వాడితోనే ఉంటుంది. తర్వాత వాడు సరైన పద్ధతిలో ఆటలోకి దిగి ఇంకో ఎల్లో తెచ్చుకుంటే రెడ్, అప్పుడు వాడు ఆటగాడే కాబట్టి జట్టు పదిమందికి పడిపోతుంది. కోచ్‌లు ఇది మర్చిపోతుంటారు, మీ నోట్‌బుక్ మర్చిపోకూడదు.

ఆట ఆగి ఉన్నప్పుడు, అంటే బంతి బయటికి పోయాకో, ఫౌల్ ఊదాకో, సబ్ లోపలికొచ్చి ఎవడినైనా తోస్తే కార్డు ఇస్తారు, కానీ ఆట మొదలయ్యే తీరు మారదు. త్రో ఉంటే త్రోనే, గోల్ కిక్ ఉంటే గోల్ కిక్కే. బంతి ఆటలో ఉండగా, సబ్ గ్రౌండ్ బయటే నిలబడి, పరుగులో గీత దాటి బయటికొచ్చిన ఎదుటి ఆటగాడి కాలు అడ్డం పెట్టాడనుకోండి. ఫ్రీ కిక్ దగ్గర్లోని గీత మీద నుంచి. ఆ చోటు వాడి సొంత డీ గీతల్లోకి వస్తే పెనాల్టీ. బెంచి దగ్గర నుంచి సీసానో, ఇంకో బంతినో లోపలికి విసిరి ఆటకి అడ్డుపడినా డైరెక్ట్ ఫ్రీ కిక్కే. అది తగిలిన చోటు నుంచి ఇవ్వాలి, విసిరిన చోటు నుంచి కాదు. ఎవడు విసిరాడో తెలియకపోతే ఆ బెంచి దగ్గరున్న పెద్ద కోచ్‌కి కార్డు. ఇది చెప్పి చూడండి, మర్నాటి నుంచి కోచ్‌లే కుర్రాళ్లని కూచోబెడతారు.

లోపలికొచ్చినవాడు ఆటకి అడ్డు రాకపోతే మాత్రం ఆట ఆపకండి. గోల్ పడిందనుకుని తొందరపడి రెండడుగులు లోపలికేసి వెనక్కెళ్లినవాడు, గ్రౌండ్ అటు చివర బంతి ఉండగా ఇటు చివర నీళ్ల సీసా అందించి వచ్చినవాడు, ఇలాంటివాళ్ల కోసం ఎదుటి జట్టు దాడిని ఆపితే నష్టపోయేది తప్పు చేయని జట్టు. బంతి బయటికి పోయాక వాణ్ని పంపించి, అవసరమైన కార్డు ఇవ్వండి.

ఇక ఫైనల్. ఇక్కడ మూడు సంగతులు చూసుకోవాలి. ఎక్కువైనవాడు గోల్ కొట్టిన జట్టువాడా, గోల్ తిన్న జట్టువాడా? వాడు ఆటకి అడ్డుపడ్డాడా? ఈ సంగతి మీకు ఆట మళ్లీ మొదలవకముందు తెలిసిందా, తర్వాతా? గోల్ కొట్టిన జట్టువాడే అయి, ఆటలో వేలుపెట్టి, సెంటర్ కిక్‌కి ముందే తెలిస్తే గోల్ రద్దు. వాడు ఉన్న చోటు నుంచి ఎదుటి జట్టుకి డైరెక్ట్ ఫ్రీ కిక్. గోల్ తిన్న జట్టువాడే ఎక్కువైతే గోల్ ఉంటుంది. వాళ్ల తప్పుకి వాళ్లకే లాభం ఇవ్వం కదా. ఆట మొదలయ్యాక తెలిస్తే ఎవరు ఎక్కువైనా సరే గోల్ ఉంటుంది. మీ పన్నెండోవాడు త్రో వేశాడు కాబట్టి వేలుపెట్టాడనడంలో సందేహం లేదు. సెంటర్ కిక్‌కి ముందు లెక్కపెట్టి ఉంటే ఆ గోల్ పోయేది. తర్వాత తెలిసింది కాబట్టి ఉంచడమే సరి. అలా తెలిసిన క్షణంలో ఆట ఆపి, వాడికి ఎల్లో చూపించి, బయటికి పంపి, ఆ తర్వాత కూడా వాడు ఆడుతూనే ఉన్నాడు కాబట్టి ఎదుటి జట్టుకి ఫ్రీ కిక్ ఇచ్చి, రిపోర్టులో రాయాలి.

‘వేలుపెట్టాడా’ అన్న షరతు కొత్తది, 2023–24 నియమావళిలో స్పష్టంగా చేర్చారు. అంతకు ముందు 2022 డిసెంబర్ 18న ప్రపంచ కప్ ఫైనల్లో మెస్సీ కొట్టిన 3–2 గోల్ సమయంలో అర్జెంటీనా సబ్‌లు సంబరంలో గీత దాటేశారని, గోల్ చెల్లదని పెద్ద వాదన నడిచింది. ఆ కుర్రాళ్లు బంతికి ఎక్కడో దూరంగా గంతులేస్తున్నారు. ఇవాళ్టి మాటల ప్రకారం చూస్తే దానికి గోల్ రద్దు చేయాల్సిన పనే లేదు.

మ్యాచ్ మళ్లీ ఆడించమని అడిగేవాళ్ల సంగతి. ఆ అధికారం రిఫరీకి లేదు. ఆట మళ్లీ మొదలయ్యాక మీ నిర్ణయం తప్పని మీకే తెలిసినా, ఆ నిర్ణయాన్ని మీరు వెనక్కి తీసుకోలేరు. సెమీఫైనల్ డ్రాప్ బాల్‌కీ అంతే. రెండు మ్యాచ్‌ల గురించీ రిపోర్టు రాసి కమిటీకి ఇవ్వండి: ఏ నిమిషం, స్కోర్ ఎంత, నంబర్ ఎంత, ఎక్కడ నిలబడి ఏం చేశాడు, మీరు ఏ కార్డు ఇచ్చారు, ఆట ఎలా మొదలుపెట్టించారు. మీ పొరపాటు కూడా మీరే రాసేయండి. ఇంకొకరు రాస్తే అది ఆరోపణ అవుతుంది. ఇలాంటి గొడవ పెద్ద లీగుల్లోనూ జరిగింది. 2022 ఏప్రిల్‌లో జర్మనీ లీగులో ఫ్రైబర్గ్ మీద బయెర్న్ మ్యూనిక్ కొన్ని సెకన్లపాటు పన్నెండుమందితో ఆడింది. బయటికి రావాల్సిన కోమన్ నంబర్ 11. బోర్డు మీద చూపించింది వాడి పాత నంబర్ 29. పిలుపు తనకే అని వాడికి తెలియలేదు, కొత్తవాళ్లు మాత్రం దిగిపోయారు. అది కనిపెట్టి రిఫరీకి చెప్పింది ఫ్రైబర్గ్ డిఫెండర్. ఫ్రైబర్గ్ ఫిర్యాదు చేస్తే జర్మన్ ఫుట్‌బాల్ సంఘం స్పోర్ట్స్ కోర్టు కొట్టేసింది, 4–1 ఫలితం అలాగే నిలిచింది. నలుగురు అఫీషియల్స్, ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న చోటే ఇలా జరిగితే, ఒక్క విజిల్‌తో మీరు తిరిగే గ్రౌండ్‌లో జరగడం వింతేమీ కాదు.

అలా జరగకుండా చూసుకోవడమే మీ చేతిలో ఉన్న పని. సబ్ దిగడానికి వరస ఒకటే. ఆట ఆగాలి, మీకు చెప్పాలి, బయటికెళ్లేవాడు తనకి దగ్గరున్న గీత దాటి బయటికి పోవాలి, అప్పుడు మీరు చెయ్యి ఊపితే కొత్తవాడు గ్రౌండ్ మధ్యలోని సగం గీత దగ్గర నుంచి లోపలికి రావాలి. కొత్తవాడి కాలు లోపల పడినప్పుడే మార్పు పూర్తయినట్టు. అప్పటిదాకా వాడు సబ్బే, త్రో వేయడానికి కూడా పనికిరాడు. త్రో వేయాలంటే ముందు లోపలికొచ్చి ఆ తర్వాత గీత దగ్గరికి పోవాలి. మీ ఫైనల్లోలాంటి తంటా ఎక్కువగా ఈ త్రో దగ్గరే మొదలవుతుంది: కొత్తవాడు గీత బయటే ఉంటాడు, బంతి వాడి కాళ్ల దగ్గరికే వస్తుంది, తీసి విసిరేస్తాడు. రిఫరీ అప్పటికి అటు మొహం పెట్టి ఉంటాడు.

మార్పులు చూసుకునే నాలుగో అఫీషియల్ మీకు దొరకడు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడికి నోట్‌బుక్, పెన్ను ఇచ్చి సగం గీత దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టండి. మార్పు కావాల్సిన కోచ్ చీటీ మీద లోపలికెళ్లే నంబర్, బయటికొచ్చే నంబర్ రాసి వాడికివ్వాలి. చీటీ లేకపోతే మార్పు లేదు. ఆ పక్కనున్న లైన్స్‌మన్ చీటీ చూసి జెండా పైకెత్తి మీకు సైగ చేస్తాడు. మార్పు అయ్యాక చీటీ మీద నిమిషం రాసి దాచాలి. గొడవ వస్తే అదే సాక్ష్యం.

అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు లెక్క. గోల్ పడ్డాక రెండు జట్లూ తమ తమ సగంలో సర్దుకుని నిలబడతాయి. ఆటంతటిలో లెక్కపెట్టడం ఇంత తేలికగా ఉండే సమయం ఇంకోటి ఉండదు. విజిల్ నోట్లో పెట్టుకోకముందే కీపర్ని వదిలి పదిమంది ఉన్నారో లేదో చూడండి. ఒక లైన్స్‌మన్‌కి ఒక జట్టు, రెండోవాడికి రెండో జట్టు అప్పగించి, లెక్క సరిపోతే బొటనవేలు చూపించమనండి. పది సెకన్లు కూడా పట్టదు. మీ ఫైనల్లో ఈ పది సెకన్లే లేకుండా పోయాయి. హాఫ్‌టైమ్ తర్వాతా, ప్రతి మార్పు తర్వాతా ఇదే చేయండి.

బెంచి ఎక్కడ వేశారన్నది కూడా చూసుకోండి. సబ్‌ల చోటు కూర్చునే బెంచికి అటూ ఇటూ మీటరు, ముందుకి టచ్ లైన్‌కి (పక్క గీతకి) మీటరు దూరం వరకే. సున్నంతో గీయండి, తాడు కడితే ఇంకా మంచిది. వార్మప్ లైన్స్‌మన్ వెనక వైపే, బంతి లేకుండా. గోల్ వెనక ఎవరినీ చేయనివ్వకండి. పెద్ద స్టేడియాల్లో అక్కడ చోటు ఉంటుంది, మన హైస్కూల్ గ్రౌండ్‌లో పోస్టు వెనక నాలుగడుగులకే కొబ్బరిచెట్టో, కాలువో. వార్మప్ చేసేవాడు ఎటు కదిలినా గీత మీదే ఉంటాడు. పైగా జనవరి మంచుకి తెల్లవారుజామున వేసిన సున్నం పది గంటలకి సగం కొట్టుకుపోతుంది. హాఫ్‌టైమ్‌లో గోల్ లైన్, డీ గీతలు మళ్లీ వేయించండి. గీత లేని చోట పెనాల్టీ ఇచ్చి నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

సబ్‌లు జెర్సీ మీద వేరే రంగు బిబ్ (పైన తొడిగే చేతుల్లేని చొక్కా) వేసుకోవాలి. బిబ్ వేస్తే నంబర్ కనపడదు, కార్డు ఇచ్చేటప్పుడు వాణ్ని ఆపి, బిబ్ తీయించి నంబర్ చూసి రాసుకోండి. మొహం గుర్తుంది కదా అని తర్వాత రాద్దామనుకుంటే ఒక ఊరి కుర్రాళ్లందరూ అన్నదమ్ముల్లా ఉంటారు. బంతి కాలువలో పడినప్పుడు సబ్‌లు గ్రౌండ్‌కి అడ్డంపడి పరిగెత్తకుండా రెండు బంతులు అదనంగా ఉంచండి, తెచ్చే పని వేరే పిల్లలకి అప్పగించండి.

మూకుమ్మడిగా కలియబడినప్పుడు మీరు మధ్యలోకి దూరకండి. ఈల గట్టిగా ఊది పదడుగులు వెనక నిలబడి చూడండి, ఒక లైన్స్‌మన్ అవతలి వైపు నుంచి చూడాలి. బెంచి నుంచి మొదట లేచి వచ్చినవాడు ఎవడు, చెయ్యి ఎత్తినవాడు ఎవడు అన్నవి రెండు నంబర్లు పట్టుకుంటే చాలు. విడదీయడానికి వచ్చిన సబ్ కూడా లెక్క ప్రకారం అనుమతి లేకుండా వచ్చినవాడే. అయినా వాడికి కార్డు ఇవ్వడానికి తొందరపడక్కర్లేదు.

చివరగా, మీ పోటీల్లో బయటికెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చన్న పద్ధతి పెట్టుకున్నారేమో, ఉత్తరంలో రాయలేదు. పిల్లలకీ, కింది స్థాయి పోటీలకీ జాతీయ సంఘం అనుమతితో అది పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే మొదటి మ్యాచ్‌కి ముందే కాగితం మీద రాసి అన్ని జట్లకీ ఇవ్వాలి. పెట్టుకోకపోతే, బయటికెళ్లినవాడు మళ్లీ దిగాడంటే వాడిని కూడా పైన సబ్‌కి చెప్పినట్టే చూడాలి. ఏ పద్ధతి పెట్టుకున్నా లిస్టులో పేర్లు పోటీ రోజు పొద్దునే తీసుకోండి. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడు రెండో హాఫ్‌లో జెర్సీ వేసుకుని దిగితే వాడు మీకు సబ్బా, బయటి మనిషా అన్నది ఆ కాగితమే చెప్తుంది. దాన్ని బట్టే మీ చేతిలో డైరెక్ట్ ఫ్రీ కిక్ ఉంటుందా, డ్రాప్ బాల్ ఉంటుందా అన్నది తేలుతుంది.